కప్పు లేని పరుగుబాట

పోయిన డిసెంబరులో ఒకనాటి రాత్రి అమెరికా నుంచి నా చిన్ననాటి స్నేహితుడు టెలిఫోను చేశాడు. అతడు మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటాడు. అతని కొడుకూ, మా అక్కయ్య కూతురూ ఒకే ఈడు పిల్లలు. ఇద్దరికీ ఒకటే పిచ్చి - ఎనిమిది వందల మీటర్ల పరుగు.

"ఇక్కడ తలుపు తీస్తే మంచు. సున్నాకు దిగువ ఇరవై డిగ్రీలు. బళ్ళో కప్పు కింద రెండు వందల మీటర్ల ట్రాక్ ఉంది కనక మావాడు బతికిపోయాడు. మీ హైదరాబాదులో అలాంటిది లేదు కదా! మరి చలికాలంలో మీ పిల్ల ఏం చేస్తుందిరా?" అని అడిగాడు.

పక్కనే కూర్చున్న మా మేనకోడలు ఫక్కున నవ్వింది. "మామయ్యా, చలికాలం మనకు తలుపులు వేసుకునే కాలం కాదు, తీసుకునే కాలం అని చెప్పు!" అన్నది.

పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. కాని ఆ నిజం నా తలకెక్కడానికి అంతకు ముందటి చలికాలం అంతా పట్టింది. ఈలోగా నా తెలివితక్కువ వల్ల ఆ పిల్లను కొంత బాధ కూడా పెట్టాను. ఇంట్లో పరుగెత్తే పిల్లలున్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందేమోనని ఆ కథ చెప్పుతున్నాను.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. వయస్సు నలభై ఆరు. బస్సు కోసం తప్ప జీవితంలో మరి దేనికోసమూ పరుగెత్తి ఎరగను. అలాంటివాడు తెల్లవారుజామున స్టేడియం మెట్లమీద కూర్చోవలసిరావడానికి కారణం మా బావగారి ఉద్యోగం. వారు నానక్‌రామ్‌గూడలో ఒక ఎత్తయిన భవనంలో, పధ్నాలుగో అంతస్తులో ఉంటారు. పని కంప్యూటర్ కంపెనీలో. మనం పడుకునేవేళకు అమెరికాలో తెల్లవారుతుంది గనక, ఆయనకు పని మొదలయ్యేది అప్పుడు. మనం లేచేవేళకు ఆయన పడుకుంటారు. అక్కయ్యకు మోకాళ్ళ నొప్పులు. చీకట్లో ఆడపిల్లను ఒంటరిగా పంపడం ఎలా? కొండాపూర్‌లో ఉన్న మేనమామ ఉన్నాడుగా అని అందరూ నావైపు చూశారు.

గచ్చిబౌలి ఉదయం

హైటెక్ సిటీ అనగానే అందరికీ అద్దాల మేడలు గుర్తుకొస్తాయి. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. దానికి ముందు ఈ ప్రాంతమంతా రాళ్ళూ, తుప్పలూ, మధ్య మధ్య చెరువులూ. రాళ్ళంటే మామూలు రాళ్ళు కావు. సుమారు రెండువందల యాభై కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. ఇప్పటికీ ఖాజాగూడ గుట్టలమీద అవి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనబడతాయి. ఆ మేడల నడుమనే గచ్చిబౌలిలో, లోక్‌సభ స్పీకరుగా ఉండి 2002లో హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరున ఒక క్రీడాప్రాంగణం ఉన్నది. 2002 డిసెంబరులో జరిగిన జాతీయ క్రీడల నిమిత్తం కట్టారు. మరుసటి ఏడు ఆఫ్రో-ఏషియన్ క్రీడలకూ అదే వేదిక. ఎనిమిది వరసల కృత్రిమపు పరుగుబాట, చుట్టూ గాలరీలు, పైన ఆకాశం.

అవును, పైన ఆకాశమే. మన జంటనగరాలలో కప్పు కింద పరుగెత్తే ట్రాక్ లేదు. మన పొరుగున ఒడిశాలో, భువనేశ్వర్ కళింగ క్రీడాప్రాంగణంలో, ఇటీవలి సంవత్సరాలలో ఒకటి కట్టారు. మన దగ్గర కప్పు ఉన్న బాట ఏదైనా ఉన్నదా అంటే, 2023 అక్టోబరులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడుగునా సూర్యశక్తి పలకలు కప్పి ఒక బాట ప్రారంభించారు. కాని అది సైకిళ్ళకోసం! "సైకిలుకు ఉన్న గొడుగు మనిషికి లేదు చూశావా!" అని నేను హాస్యమాడితే, మా మేనకోడలు "మనిషికి గొడుగెందుకు మామయ్యా, ఇక్కడేమన్నా మంచు కురుస్తుందా?" అన్నది.

కురవదు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మామూలుగా 15 డిగ్రీల ప్రాంతం. మేడలు తక్కువై చెట్లు ఎక్కువైన సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణ, పటాన్‌చెరు వంటి చోట్ల కొన్ని రోజులు పదికి లోపు కూడా పోతుంది. ఈ నగరంలో నమోదైన చలిలో పెద్ద చలి 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు. అంటే మన చరిత్రలోకెల్లా పెద్ద చలి, మిన్నెసోటావారికి వసంతకాలపు ఉదయం అన్నమాట! అదే ఏప్రిల్, మే నెలల్లో మనకు పగలు నలభై దాటుతుంది. జూన్ నుంచి వానలు. కనక పరుగెత్తే పిల్లకు సంవత్సరం మొత్తంమీద భగవంతుడు ఇచ్చిన మంచి కాలం ఈ మూడు నెలలే. వాళ్ళకు చలికాలం గడవడమే గండం. మనకు అది చేజారిపోవడం గండం.

పునాది రాళ్ళు

ఎనిమిది వందల మీటర్లంటే ట్రాక్ చుట్టూ రెండు చుట్లు. చూసేవాళ్ళకు రెండు నిమిషాల తమాషా. అందుచేత అది వేగానికి సంబంధించిన విద్య అనీ, రోజూ ప్రాణంపెట్టి పరుగెత్తితే వచ్చేస్తుందనీ నాబోటివాళ్ళు అనుకుంటారు. కాని శాస్త్రం వేరేగా చెప్పుతున్నది. ఆ రెండు చుట్లలో ఖర్చయ్యే శక్తిలో సగానికి మించి, పీల్చుకున్న ప్రాణవాయువు ఆధారంగా పుట్టేదే. పదిహేను వందల మీటర్లకైతే ఆ పాలు ఇంకా ఎక్కువ. కనక ముందు గుండెనూ, ఊపిరితిత్తులనూ, కాళ్ళలోని సన్న రక్తనాళాలనూ పెంచుకోవాలి. అవి నింపాదిగా, చాలాసేపు పరుగెత్తితేనే పెరుగుతాయి. తొందరపెడితే పెరగవు.

ఈ సంగతి ప్రపంచానికి చాటినవాడు న్యూజీలాండులో చెప్పుల ఫాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960లో రోమ్ ఒలింపిక్సులో - మన మిల్ఖా సింగ్ నాలుగో స్థానంలో వచ్చిన ఆ ఒలింపిక్సులోనే - ఎనిమిది వందల మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. 1964లో టోక్యోలో ఎనిమిది వందలూ, పదిహేను వందలూ రెండూ గెలిచాడు. రెండు చుట్ల పరుగువాణ్ణి ఆయన వారానికి నూరు మైళ్ళు, ఆక్లండు పక్క కొండదారులలో పరుగెత్తించాడు. కప్పూ లేదు, ట్రాకూ లేదు. కొండా, బురదా, వానా! ముందు కొన్ని నెలలు దూరం, తరువాత కొండలు, ఆ తరువాతనే వేగం. ఇదీ ఆయన వరస. నూరు మైళ్ళు పెద్దవాళ్ళ లెక్క. పిల్లలకు అందులో నాలుగోవంతు కూడా అక్కరలేదు. కాని వరస మాత్రం అదే.

ఇదంతా ఇప్పుడు చెప్పుతున్నాను గాని అప్పుడు నాకు తెలియదు. తెలియకపోతే ఊరుకోవచ్చు గదా! ఊరుకోలేదు. బజారుకు వెళ్ళి ఒక స్టాప్‌వాచ్ కొన్నాను.

గడియారం తెచ్చిన తంటా

మెట్లమీద ఊరికే కూర్చోవడం ఎందుకని ఆ పిల్ల పరుగెత్తే ప్రతి చుట్టునూ లెక్కపెట్టి ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. కోచ్‌గారు "మెల్లగా నలభై నిమిషాలు" అని చెప్పి చిన్నపిల్లలవైపు వెళ్ళేవారు. ఆయన అటు తిరగగానే మేము మా లెక్క మొదలుపెట్టేవాళ్ళం. నిన్నటి కంటె ఇవాళ రెండు సెకండ్లు తగ్గితే పండుగ. ఒక సెకండు పెరిగితే ఇద్దరికీ మొహాలు మాడిపోయేవి. ఇంటికి వెళ్ళేదారిలో "రేపు చూద్దాంలే" అని ఓదార్పు. రేపు వచ్చేది, గడియారం నొక్కేవాణ్ణి.

దీపావళి వెళ్ళేవరకు బాగానే ఉన్నది. నవంబరు నెలాఖరుకు ఆమె వేగం తగ్గనారంభించింది. మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నం బళ్ళో నిద్ర. మొహంలో కళ తప్పింది. మునుపు అలారం మోగకముందే లేచే పిల్లను ఇప్పుడు అక్కయ్య మూడుసార్లు లేపవలసి వచ్చేది.

"బద్ధకం పట్టుకుంది" అన్నారు బావగారు. "ఈ పరుగులు చాలు. తొమ్మిదో తరగతి. వచ్చే ఏడు పది. ఐ.ఐ.టి. ఫౌండేషన్ క్లాసులు పొద్దున్నే ఆరింటికి మొదలవుతాయట. జనవరి నుంచి చేర్పిస్తాను."

ఆ పిల్ల ఏమీ అనలేదు. బూట్లు తీసి బాల్కనీలో ఒక మూల పెట్టింది. ఆ పెట్టడంలో కోపం ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. లోపల తేలిక పడినట్టు పెట్టింది. పరుగంటే ప్రాణంపెట్టే పిల్లకు పరుగు మానేయడం తేలిక అనిపించిందంటే, తప్పు ఎక్కడో జరిగిందన్నమాట.

మర్నాడు ఒక్కణ్ణే స్టేడియానికి వెళ్ళి కోచ్‌గారితో చెప్పాను. ఆయన నల్లగొండ జిల్లావారు. నా చేతిలో నోటుబుక్కు తీసుకొని పేజీలు తిప్పారు.

"సార్, మీరు కాలేజీల రోజూ పరీక్ష పెడతరా?"

"నేను పెట్టనండీ. రోజూ పరీక్షలు పెట్టే కాలేజీలు ఉన్నాయి."

"అండ్ల పిల్లలు నేర్చుకుంటున్నరా?"

నేను మాట్లాడలేదు. ఆ రోజువారీ పరీక్షలమీద స్టాఫ్‌రూములో ఎన్నోసార్లు ఉపన్యాసాలు దంచినవాణ్ణి మరి!

"మీ పిల్ల ఉరుకుతలేదు సార్, పరీక్ష రాస్తున్నది. యాసంగిల శనగ చేను చూసిన్రా? వాన ఉండదు, కాలువ ఉండదు. నేలల ఉన్న తేమతోని, పైన పడ్డ మంచుతోని పెరుగుతది. మొక్క పెరుగుతుందా లేదా అని రోజు పీకి వేరు చూస్తే అది బతుకుతదా? ఆ గడియారం ఇటియ్యుండ్రి. మార్చిల తీసుకపోదురు."

గడియారం ఆయన సంచిలోకి పోయింది. పోతూ పోతూ ఇంకొక మాట అన్నారు: "ముందుగాల రక్తపరీక్ష చేయించుండ్రి."

చేయించాం. పన్నెండు ఉండవలసిన హీమోగ్లోబిన్ తొమ్మిది దగ్గర ఉన్నది.

బద్ధకం కాదు, ఇనుము

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ళ మధ్య ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నది. ఇది పేదవాళ్ళ ఇళ్ళ సంగతి అనుకోకండి. పధ్నాలుగో అంతస్తులో, ఫ్రిజ్ నిండా పళ్ళున్న ఇంట్లో కూడా ఉన్నది. ప్రాణవాయువును కండరాలకు మోసేది రక్తంలోని ఈ పదార్థమే. అది తక్కువైన పిల్లను "ఇంకా పరుగెత్తు" అనడం, సగం నూనె ఉన్న దీపాన్ని వత్తి పెంచి వెలిగించడం వంటిది. నెలనెలా రక్తం పోయే వయస్సు, ఎదిగే వయస్సు, దానికితోడు పరుగు - మూడూ కలిస్తే ఇనుము ఎక్కడ చాలుతుంది?

డాక్టరుగారు మాత్రలు రాసి, కొన్ని వారాలు తేలిక పరుగే చాలునన్నారు. మాత్రలు డాక్టరు చెప్పకుండా ఎవరూ వేసుకోకూడదనీ, ఇనుము ఎక్కువైనా ప్రమాదమేననీ గట్టిగా చెప్పారు. తిండిలో కూడా కొన్ని మార్పులు చెప్పారు. తోటకూర, పాలకూర, పప్పులు, శనగలు తినేటప్పుడు నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మాంసాహారులైతే మాంసంలోని ఇనుము సులువుగా పడుతుంది. భోజనం కాగానే టీ, కాఫీ తాగితే పట్టడం తగ్గుతుంది. మా అక్కయ్య ఇంట్లో టిఫినుతో పాటు పిల్లలకు కూడా గ్లాసెడు టీ ఇవ్వడం అలవాటు. ఆ టీ మానిపించి దాని స్థానంలో రాగిజావ వచ్చింది. పరుగు అయిన వెంటనే ఒక పల్లీపట్టీ లేక అరటిపండు. చలిలో దాహం తెలియదు. అయినా చెమట పోతుంది గనక నీళ్ళు తాగవలసిందే.

వారం ఎలా గడిచింది?

రక్తం కాస్త కోలుకున్నాక, సంక్రాంతి తరువాత, కోచ్‌గారు ఒక వరస చెప్పారు. పదమూడు, పదిహేడు ఏళ్ళ మధ్య పిల్లలకు సుమారుగా ఇదే చెప్పుతారట. అయితే ఒక్కొక్కరి శక్తినిబట్టి మార్చుకోవలసిందే.

సోమవారం అరగంట సేపు మట్టినేలమీద తేలిక పరుగు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత మెల్లగా. మంగళవారం ఖాజాగూడ వైపు ఏటవాలు దారిలో పైకి ఇరవై సెకండ్ల పరుగు, నడుస్తూ కిందికి. అలా ఆరు, ఎనిమిదిసార్లు. కాళ్ళకు బలం ఎక్కడానికి గుట్టను మించిన వ్యాయామశాల లేదు. బుధవారం పరుగు లేదు. గురువారం కాస్త గట్టిగా ఆరేసి నిమిషాలు మూడు విడతలు, మధ్య రెండు నిమిషాలు మెల్లగా. శుక్రవారం పూర్తి విశ్రాంతి. శనివారం ట్రాక్‌మీద రెండు వందల మీటర్లు ఆరుసార్లు, పళ్ళు బిగించకుండా, భుజాలు వదులుగా. ఆదివారం పొద్దెక్కాక ముప్పావుగంట పొడుగు పరుగు. రోజూ ముందు పది నిమిషాలు నడకా, మెల్లని పరుగూ. ఒళ్ళు వేడెక్కిన తరువాతనే స్వెట్టరు తియ్యాలి. అయిపోగానే తడిసిన బనీను మార్చి మళ్ళీ స్వెట్టరు వేసుకోవాలి. జలుబు చేసేది చలివల్లనే అని అక్కయ్య నమ్మకం. కాదని వాదించకుండా ఇంకొక పొడి బనీను సంచిలో పెట్టుకుపోవడమే సులువు.

ఇందులో ట్రాక్ అవసరమైనది ఒక్క శనివారమే అని గమనించారా? నేను గమనించేసరికి ఫిబ్రవరి వచ్చింది.

బుధవారంనాడు, తుఫాను పట్టి ముసురు పెట్టిన రోజునా, కప్పు కింది సాధన కూడా ఉన్నది. అది ఎక్కడో కాదు, వాళ్ళ భవనంలోనే. కార్లు పెట్టుకునే సెల్లారులో తాడాట, ఒంటికాలిమీద గెంతడం, గుంజీళ్ళు. తరువాత లిఫ్టు ఎక్కకుండా మెట్లు. ఎక్కడానికి మెట్లు, దిగడానికి లిఫ్టు. దిగేటప్పుడే మోకాళ్ళమీద బరువు పడేది. చిన్నప్పుడు మన బళ్ళో పంతుళ్ళు శిక్షగా వేసిన గుంజీళ్ళు ఇప్పుడు శిక్షణ అయినవి! ఎవరికీ పైసా ఖర్చు లేదు. కాపలా మనిషి మాత్రం మొదటిరోజు, ఈ లెక్చరరుగారు పిల్లను ఎందుకు శిక్షిస్తున్నారా అని అనుమానంగా చూశాడు.

జాగ్రత్త పడవలసినవి

చలికాలం మంచిదన్నాను గదా అని అందులో చిక్కులు లేవనుకోకండి. జనవరి మొదటివారంలో ఇక్కడ సూర్యోదయం సుమారు 6-45కు. జూన్‌లో కంటె గంటసేపు ఆలస్యం. బడి బస్సు ఏడున్నరకు వస్తుంది. కనక చీకట్లోనే పరుగు. ఆ వేళకు రాత్రి ఉద్యోగులను దింపే కార్లు, కాంక్రీటు లారీలు ఖాళీ రోడ్లమీద విమానాల్లా పోతుంటాయి. రోడ్డుమీద పరుగెత్తడం తప్పనిసరి అయితే, వెలుతురు పడితే మెరిసే పట్టీలున్న చొక్కా వెయ్యాలి, ఎదురుగా వచ్చే బళ్ళు కనబడేవైపు పరుగెత్తాలి, చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు, ఒంటరిగా పోకూడదు. ఇదంతా ఎందుకు, స్టేడియం లోపలనో, పార్కులోనో పరుగెత్తితే పోలా? ఎప్పుడూ సిమెంటు రోడ్డే అయితే ముంగాలి ఎముక నొప్పి పుడుతుంది. ఎదిగే ఎముకలు, మట్టి దొరికిన చోట మట్టినే వెతుక్కోవాలి.

రెండోది గాలి. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలకానుకొన్న చల్లగాలి బరువుగా కిందనే పడి ఉంటుంది. పైన వెచ్చగాలి మూతలాగ కూర్చుంటుంది. బళ్ళ పొగా, కట్టడాల దుమ్మూ ఆ మూతకింద చిక్కుకుంటాయి. ఎండ తగిలి నేల వేడెక్కితేగాని మూత లేవదు. కాబట్టి తెల్లవారుజాము గాలి స్వచ్ఛమైనదని మన పెద్దలు చెప్పిన మాట పల్లెకు నిజమేగాని, రద్దీ రోడ్డు పక్కన నిజం కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి 'సమీర్' అనే ఆప్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు ప్రాంతాల గాలి లెక్క ఏ గంటకాగంట చూసుకోవచ్చు. లెక్క బాగాలేనినాడు సెల్లారు, మెట్లు ఉండనే ఉన్నాయి. పొడుగు పరుగును ఆదివారం పొద్దెక్కాక పెట్టింది అందుకే. పిల్లలకు పరుగెత్తాక పిల్లికూతలూ, ఎడతెగని దగ్గూ వస్తే, చలికి అలవాటు పడాలి అని సరిపెట్టక డాక్టరుకు చూపించాలి. పొడిచలిగాలికి ఆస్తమా పైకి రావడం కద్దు.

బావగారి ప్రశ్న

అన్నిటికన్నా పెద్ద చిక్కు చలీ కాదు, గాలీ కాదు, కాలెండరు. మనకు పరుగుకు మంచికాలం ఏదో, చదువుల కోలాహలం కూడా అప్పుడే. జనవరిలో జె.ఇ.ఇ. మొదటి విడత. ఆ వెంటనే ఇంటర్ ప్రాక్టికల్సు, పరీక్షలు. మార్చిలో పదో తరగతి. అదే జనవరిలో జాతీయ క్రాస్ కంట్రీ పోటీలు. పిల్ల ఎటు పోవాలి?

"నువ్వు లెక్చరరువి. నువ్వే చెప్పు. పొద్దున్న గంటన్నర పోతే చదువేం కావాలి?" అని బావగారు నన్ను నిలదీశారు.

నేను ఆయనకు రోజర్ బానిస్టర్ సంగతి చెప్పాను. 1954 మే 6వ తేదీన, మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపున, 3 నిమిషాల 59.4 సెకండ్లలో, ప్రపంచంలో మొట్టమొదట పరుగెత్తిన మనిషి. అప్పుడాయన లండనులో వైద్యవిద్యార్థి. మధ్యాహ్నభోజనం వేళ దొరికే కొద్దిసేపే ఆయన సాధన. రికార్డు పెట్టిన రోజు ఉదయం కూడా ఆస్పత్రికి వెళ్ళి, తరువాత రైలెక్కి ఆక్స్‌ఫర్డు పోయాడు. ఆ తరువాత నరాల వైద్యుడై పేరు తెచ్చుకొన్నాడు.

"అందరూ బానిస్టర్లవుతారా?" అన్నారు బావగారు.

"కారు. అందరూ ఐ.ఐ.టి.కి కూడా వెళ్ళరు బావగారూ" అన్నాను.

ఆయన కోపగించలేదు. కాసేపు ఊరుకొని, "నేను అడిగేది పతకం గురించి కాదోయ్. అది తొమ్మిదింటికి నిద్రపోతుందా లేదా?" అన్నారు. నిద్ర దొరకని ఉద్యోగం చేసే మనిషికి కూతురి నిద్రమీద బెంగ. ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. అప్పుడు ముగ్గురం కూర్చొని లెక్క వేశాం. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్లు హాల్లో ఒక బుట్టలో. అయిదూ పదిహేనుకు లేవడం. వారానికి అయిదు రోజులే పరుగు. సరాసరి గంటకు మించకూడదు. పరీక్షల వారంలో మూడు రోజులు చాలు. ఫౌండేషన్ క్లాసు మానెయ్యలేదు. సాయంకాలం బ్యాచికి మారింది. ఫోన్ల బుట్టలో అందరికంటె ముందు పడవలసింది తన ఫోనేనని తెలిశాక బావగారు కొంచెం విచారించారు గాని, శని, ఆదివారాల్లో అది కూడా జరిగింది.

నాలుగు పాయింట్లు

ఈ ఆవరణకు కొద్ది దూరంలోనే నార్సింగి ఉన్నది. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసార నందిని పేరు మీరు వినే ఉంటారు. 2023 అక్టోబరు 1వ తేదీన చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో ఆమెకు కాంస్యపతకం వచ్చింది. ఏడు అంశాలు కలిసిన ఆ పోటీలో చివరిది ఎనిమిది వందల మీటర్ల పరుగు. రెండు రోజులు గెంతి, విసిరి, పరుగెత్తి అలసిన కాళ్ళతో ఆమె ఆ రెండు చుట్లనూ 2 నిమిషాల 15.33 సెకండ్లలో పూర్తిచేసింది. మొత్తం 5,712 పాయింట్లు. నాలుగో స్థానంలో వచ్చిన మన దేశపు స్వప్నా బర్మన్‌కు 5,708. తేడా నాలుగే నాలుగు పాయింట్లు! 2025లో దక్షిణ కొరియాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో ఆమె బంగారు పతకమే తెచ్చింది. ఆ చివరి రెండు చుట్లకు కావలసిన ఊపిరి ఆ ఒక్క సాయంకాలం పుట్టింది కాదు. ఎవరూ చూడని, ఎవరూ గడియారం నొక్కని ఎన్నో ఉదయాలలో కూడబెట్టింది.

మా పిల్ల సంగతి అడుగుతారు గావును. మార్చి నెలాఖరున ఒక చిన్న పోటీలో పరుగెత్తింది. నాలుగో స్థానం వచ్చింది, పతకం రాలేదు. దసరా ముందు 2 నిమిషాల 46 సెకండ్లు పట్టిన దూరం ఇప్పుడు 2 నిమిషాల 37 సెకండ్లలో వచ్చింది. మేము ముగ్గురం గాలరీలో కూర్చున్నాం. బావగారు రాత్రంతా పనిచేసి నేరుగా అక్కడికే వచ్చారు. రెండో చుట్టు మలుపులో ఆమె ఒకరిని దాటుతూ ఉంటే ఆయన లేచి నిలబడి అరిచిన అరుపు ఏ భాషో తెలుగు ఎం.ఏ. చదివిన నాకు కూడా అర్థం కాలేదు.

పోటీ అయ్యాక కోచ్‌గారు సంచి తెరిచి నా స్టాప్‌వాచ్ నాకిచ్చేశారు. తీసుకొని చూస్తే బాటరీ అయిపోయి ఉన్నది. మళ్ళీ వేయించలేదు.

ఈ ఏడు మళ్ళీ చలి మొదలైంది. పిల్ల పదో తరగతిలోకి వచ్చింది గనక ఉదయాలు వారానికి నాలుగే చేశాం. రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష తప్పనిసరి. మిన్నెసోటా కుర్రవాడికి కప్పు కింద ట్రాక్‌మీద ఇరుకు మలుపులు తిరిగి తిరిగి చీలమండ నొప్పి చేసిందట. "మా చలి కొంచెం పంపించమంటావా?" అని మా స్నేహితుణ్ణి అడిగాను. నాకు మాత్రం మెట్లమీద ఖాళీగా కూర్చోవడం కష్టంగా ఉన్నది. అందుకని అన్నిటికన్నా బయటి వరసలో, అందరూ దాటిపోతుండగా, నేనూ నాలుగు చుట్లు తిరుగుతున్నాను. ఎంతసేపు పడుతున్నదో లెక్క చూడను.